నీడకు గొడుగు పట్టిన గవిరయ్య

అనగనగా పొన్నగిరి అనే రాజ్యం. దాన్ని ఏలే రాజు కీర్తిసేనుడు. కథలో రాజుకి ముగ్గురు కొడుకులే ఉండాలి కాబట్టి ఈయనకీ ముగ్గురే. పెద్దవాడు జయసేనుడు, నడిపివాడు నయసేనుడు, చిన్నవాడు ప్రియసేనుడు. పెద్దవాడికి బలం ఎక్కువ. నడిపివాడికి తెలివి ఎక్కువ. చిన్నవాడికి సిగ్గు ఎక్కువ. నలుగురిలో ఎక్కడ నవ్వులపాలవుతానో అని వాడికి ఎప్పుడూ గుబులే.

పాపం, సిగ్గుపడటానికి ఆ రాజ్యంలో కారణాలకు కొదవ లేదు. పొన్నగిరిలో ఒక ఆచారం ఉండేది. ఏ విందు జరిగినా మొదటి పంక్తిలో కూర్చునేది మంత్రులు కాదు, పండితులూ కాదు. ఊళ్ళోని వెర్రిబాగులవాళ్ళు! "దేవుడు మనల్ని హడావుడిగా చేశాడు, వీళ్ళని తీరిగ్గా కూర్చుని చేశాడు. ముందు వాళ్ళకి వడ్డించండి" అనేది రాణి విమలాదేవి.

ఆ పంక్తిలో పోలయ్య ఉండేవాడు. వాడు ఏం చేసినా ముందు అడిగి చేస్తాడు. తలుపుని "తియ్యమంటావా తల్లీ?" అని అడిగి తీస్తాడు. ముద్దని "తినమంటావా?" అని అడిగి తింటాడు. వాడి భోజనం ముగిసేసరికి మిగతావాళ్ళకి మళ్ళీ ఆకలేసేది. వాడి పక్కన సింగమ్మవ్వ. ఆవిడ కనిపించినదానికల్లా జోల పాడుతుంది. పొద్దంతా దంచి అలిసిపోయాయని రోటికి పాడుతుంది, రోకలికి పాడుతుంది. ఇక గవిరయ్య సంగతి చెప్పాలంటే నాకే నవ్వాగదు. మిట్టమధ్యాహ్నం తాటాకు గొడుగు పట్టుకుని తిరుగుతాడు. గొడుగు తన నెత్తిమీద కాదర్రా, నేలమీద పడ్డ తన నీడ మీద! "నా కాళ్ళకైతే చెప్పులున్నాయి. అది కాలే నేలమీద ఒళ్ళంతా ఆనించి పడుకోవాలి కదయ్యా" అంటాడు.

ఆ రోజుల్లో ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఆకాశానికి మెట్లు కట్టాలని వాడి పంతం. మామూలు రాళ్ళతో కడితే వాడి గొప్ప ఏం కాను? మెట్టుకొక రాజకుమారుణ్ణి రాయి చేసి పేర్చేవాడు. ఒకరోజు నల్లటి పొగలా వచ్చి, గుర్రం మీద పోతున్న జయసేనుణ్ణి గుర్రం మీంచే ఎత్తుకుపోయాడు.

అన్నని విడిపించడానికి నయసేనుడు బయల్దేరాడు. రాజ్యంలో ఉన్న ఓడలన్నీ, మంత్రులందర్నీ వెంటబెట్టుకుని, ఎత్తుకి పైఎత్తు ఆలోచించుకుని మరీ వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఒక ముసలి కొంగ ఎగురుకుంటూ వచ్చి కోటగోడ మీద వాలింది.

"అమ్మా రాణీ, ఆ మాంత్రికుడి దగ్గర నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెం ఒకటుంది. ఎవరు ఎత్తు వేసినా అందులో కనిపించిపోతుంది. నీ నడిపి కొడుకు ఎత్తులు ఓడ దిగకముందే కనిపించిపోయాయి. ఇప్పుడు ఒక మెట్టు నీ పెద్దకొడుకు, దాని పైమెట్టు నీ నడిపికొడుకు" అంది.

ఆ రోజునుంచి రాణి అన్నం ముట్టలేదు. "నా బిడ్డలు రాళ్ళయి పడుంటే నా గొంతులో మెతుకు ఎలా దిగుతుంది?" అంది. గుక్కెడు మజ్జిగ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. చేతి గాజులు వదులై మోచేతిదాకా జారుతున్నాయి. వైద్యులు తలలు వంచుకున్నారు. ప్రియసేనుడు తల్లి చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి.

"అమ్మా, నేను వెళ్తాను" అన్నాడు.

"వెళ్ళు నాయనా. బలం వెళ్ళింది, తెలివి వెళ్ళింది. రెండూ రాళ్ళయ్యాయి. ఈసారి మొదటి పంక్తిని తీసుకెళ్ళు" అంది రాణి.

ప్రియసేనుడి మొహం కందగడ్డయింది. "వీళ్ళతోనా? లోకం నవ్వుతుందమ్మా!"

"నవ్వనీరా. నవ్వితే ఒంటికి చిల్లులు పడవు."

తల్లి మాట కాదనలేక బయల్దేరాడు. పైన కొంగ దారి చూపిస్తోంది. వెనకాల పోలయ్య దారిలో ప్రతి గడపనీ పలకరిస్తున్నాడు, సింగమ్మవ్వ మైలురాళ్ళకి జోకొడుతోంది, గవిరయ్య నీడకి గొడుగు పడుతున్నాడు. ఊరూరా జనం వాకిళ్ళలోకి వచ్చి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ప్రియసేనుడు తలెత్తకుండా నడిచాడు.

మొదటి సముద్రం వచ్చింది. ఓడలన్నీ అన్న తీసుకుపోయాడాయె, ఒక్క తెప్పైనా లేదు. ఏం చెయ్యాలా అని ప్రియసేనుడు తల పట్టుకుంటే, పోలయ్య చీలమండలదాకా నీళ్ళలోకి దిగి చేతులు కట్టుకున్నాడు. ఒడ్డున వలలు ఆరబెట్టే జాలర్లు అప్పుడే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. వద్దురా అని ప్రియసేనుడు వాడి నోరు మూయబోయాడు కానీ అప్పటికే ఆలస్యమైంది.

"అక్కా, దాటమంటావా?" అని అడిగేశాడు పోలయ్య.

అల ఒకటి సగం లేచి ఆగిపోయింది. దాని వెనక అల ఆగింది. కనుచూపుమేర సముద్రం ఊపిరి బిగబట్టింది. జాలర్ల నవ్వు నోట్లోనే ఉండిపోయింది. అడుగునుంచి ఒక గొంతు వచ్చింది. "నేను పుట్టినప్పట్నుంచి నన్ను దాటినవాళ్ళున్నారు. దాటలేక మునిగినవాళ్ళున్నారు. అడిగినవాడు లేడు. రా తమ్ముడూ."

సముద్రం పక్కకి జరిగి దారిచ్చింది. అటు నీళ్ళ గోడ, ఇటు నీళ్ళ గోడ. గోడల్లోంచి తిమింగలాలు ఒక్కో కన్ను ఆనించి చూస్తున్నాయి. కాళ్ళకింద ముత్యాలు, శంఖాలు, ఏ కాలంలోనో మునిగిన గుడి శిఖరాలు! ప్రియసేనుడికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత లోకం నీళ్ళకింద ఉందనీ, ఒక్క మాట అడిగితే తలుపు తీస్తుందనీ వాడికి కల్లో కూడా తెలియదు. అలా ఏడు సముద్రాలనీ ఏడుసార్లు అడుగుతూ దాటారు.

దీవి వాకిట్లో ఒక రక్కసి కూర్చుని ఉంది. కొండంత మనిషి. కళ్ళు రెండూ మండే కొలుముల్లా ఉన్నాయి. రెప్ప వేస్తే నీ ప్రాణం తీస్తానని మాంత్రికుడు దాన్ని కాపలా పెట్టాడు. పుట్టాక అది కన్ను మూసింది లేదు. ప్రియసేనుడు కత్తి దూశాడు.

"అయ్యో నా తల్లే! కళ్ళు ఎలా ఎర్రబడ్డాయో చూడు!" అంటూ సింగమ్మవ్వ ముందుకు నడిచింది.

"అవ్వా, ఆగు! మింగేస్తుంది!" ప్రియసేనుడు ఆవిడ కొంగు పట్టుకుని లాగాడు.

"ఛ, ఊరుకో చినబాబూ. నిద్రలేక అల్లాడుతున్న పిల్లని పట్టుకుని!" అని కొంగు విడిపించుకుపోయింది. తల ఒళ్ళో పెట్టుకుందామంటే అందదాయె, రక్కసి కాలి బొటనవేలిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ పాట అందుకుంది.

"ఆకు నిద్దరోయింది, అడవి నిద్దరోయింది,
కొండకు జోకొట్టి గాలి నిద్దరోయింది,
ఎవరూ కోప్పడరే, నువు పడుకోవే తల్లీ..."

రక్కసి కంట్లోంచి నీటిబొట్టు జారింది. కుండెడు నీళ్ళు! గడ్డం వణికింది. చంటిపిల్లలా చేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఒత్తిగిలి, ఒళ్ళెరగని నిద్రపోయింది. దాని గురకకి తాటిచెట్లు ఊగాయి. ప్రియసేనుడు కత్తి ఒరలో పెట్టడం కూడా మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

లోపల ముంగిట్లో మెట్లు కనిపించాయి. మేఘాల్లోకి పోతున్న మెట్లు. ప్రతి మెట్టూ ఒక రాజకుమారుడి వంగిన వీపు. ఒక మెట్టుకి జయసేనుడి మీసం. దాని పై మెట్టుకి, ఏదో వివరిస్తుండగా సగంలో ఆగిన నయసేనుడి నోరు. ప్రియసేనుడికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మేఘాల దగ్గర ధూమ్రకంఠుడు పళ్ళెంలోకి చూసుకుంటున్నాడు. "వాకిట్లో అలికిడైంది, నీళ్ళలో ఏమీ కనబడదేం?" అని పళ్ళేన్ని తట్టాడు. ఏం కనబడుతుంది? ఆ ముగ్గురికీ ఎత్తులనేవే తెలియవు. ప్రియసేనుడి బుర్రలోనా, ఆశ్చర్యం తప్ప ఇంకేమీ మిగల్లేదు. మాంత్రికుడు పళ్ళెం పారేసి, కిందికి తొంగిచూసి, పొగలు కక్కుతూ మెట్లు దిగసాగాడు.

"త్వరగా!" అంది కొంగ. "వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎవరికీ కనిపించదు. అదిగో, ఇసకమీద దాని నీడ మాత్రం పడుతుంది. మీ నడిపి అన్న గాల్లో ఎంత వెతికినా చేతికి చిక్కలేదు."

కాలిపోతున్న ఇసకమీద చిన్న పిట్టనీడ ఒకటి రెక్కలు కొట్టుకుంటోంది. గవిరయ్య దాన్ని చూశాడు. "అయ్యో, మాడిపోతోందే పసిది!" అని పరుగెత్తాడు. తన నీడని ఎండలో వదిలేసి, గొడుగు తీసుకెళ్ళి పిట్టనీడకి పట్టాడు.

ఇది గొడుగులాటకి సమయమా? ప్రియసేనుడి చెయ్యి వాణ్ణి లాగడానికి లేచింది. లేచి, ఆగింది. మెల్లగా దిగింది.

గొడుగుకింద నీడ చిక్కబడింది. దానికి పచ్చదనం వచ్చింది, ముక్కుకి ఎరుపు వచ్చింది. చూస్తుండగానే చిలక లేచి గవిరయ్య అరచేతిలో కూర్చుంది.

"ఇంకా చూస్తావేం, మెడ తెగ్గొట్టు!" అని అరిచింది కొంగ. ప్రియసేనుడు కత్తెత్తాడు. మాంత్రికుడు కింద మెట్టుదాకా వచ్చి చెయ్యి చాచాడు. ప్రియసేనుడి ఎడమపాదం చల్లబడి రాయైపోయింది.

"అడక్కుండానా, చినబాబూ?" అన్నాడు పోలయ్య, బిక్కమొహంతో.

రాయి మోకాలికి ఎగబాకుతోంది. ఒక్క వేటు వేస్తే అన్నలు దక్కుతారు, అమ్మ దక్కుతుంది. ప్రియసేనుడు పళ్ళు బిగబట్టి కత్తి దించాడు. "అడుగు పోలయ్యా" అన్నాడు.

"చిలకమ్మా, ఆ పెద్దాయన ప్రాణం మాకిస్తావా తల్లీ?"

"ఎన్నాళ్ళనుంచో గొంతుకి అడ్డంపడి ఉంది. మెడ నులమడానికి వచ్చినవాళ్ళే కానీ, ఇమ్మని అడిగినవాళ్ళేరీ?" అంది చిలక. గట్టిగా దగ్గింది. నల్లటి జొన్నగింజ ఒకటి ఇసకలో పడింది.

ప్రియసేనుడు బరువెక్కిన రాతికాలు బలంకొద్దీ ఎత్తి, గింజమీద వేశాడు. చిటుక్కుమంది. ధూమ్రకంఠుడు నిలబడ్డచోట గుప్పెడు పొగ మిగిలింది, అదీ గాలికి పోయింది. రాతికాల్లో వెచ్చటి నెత్తురు పారింది.

మెట్లు కదిలాయి! ఆవలిస్తూ, ఒళ్ళు విరుచుకుంటూ, "నా నడుం తొక్కిందెవడ్రా?" అంటూ ఆకాశంనుంచి రాజకుమారులు దిగుతున్నారు. నయసేనుడు ఆగిపోయిన మాటని ఆగినచోటినుంచే పూర్తిచేశాడు. గవిరయ్య చేతిలోంచి దిగిన చిలక, నేలమీద కాలు పెట్టేసరికి ఒక అమ్మాయైంది. ఆమె ఆ దీవికి రాజకుమారి మాణిక్యవల్లి. మాంత్రికుడు తన ప్రాణాన్ని ఆమె గొంతులో దాచాడు.

ప్రియసేనుడి చేతిలో కత్తి జారి పడింది. తానేం చెయ్యబోయాడో తలుచుకుని తల దించుకున్నాడు. పోలయ్యలాగే చేతులు కట్టుకుని అడిగాడు. "నిన్ను పెళ్ళి చేసుకోమంటావా?"

"అడిగావు కాబట్టి చేసుకోమంటాను" అంది మాణిక్యవల్లి. గవిరయ్యే తండ్రి స్థానంలో నిలబడి కన్యాదానం చేశాడు. ప్రియసేనుడూ మాణిక్యవల్లీ ఆ దీవిని మనవళ్ళ తలలు నెరిసేదాకా ఏలారు. ఏలిక అలా ఉండాలని జనం చెప్పుకున్నారు.

లేవకండర్రా, ఇంకా కొంచెం ఉంది. వాళ్ళు పొన్నగిరికి తిరిగొచ్చిన రోజు సంగతి చెప్పనేలేదు.

ఆ రోజు రాణి మంచంమీద లేచి కూర్చుంది. జయసేనుడి మొహం తడిమింది, నయసేనుడి మొహం తడిమింది. అప్పుడు చిన్నకొడుకుని పిలిచింది. సభంతా చూస్తోంది, ఊరంతా గుమ్మంలో ఉంది.

"ఎలా గెలిచావురా నాన్నా?"

ప్రియసేనుడు తలెత్తి, అందరికీ వినబడేలా చెప్పాడు. "నేను గెలవలేదమ్మా, వీళ్ళు గెలిచారు. మొదట ఇద్దర్ని ఆపబోయాను. తరవాత ఆపలేదు. నేను చేసిందల్లా అంతే."

ఒక్కరూ నవ్వలేదు. రాణి కొడుకుని కళ్ళారా చూసుకుని, "ఆకలేస్తోందిరా, అన్నం కలిపి పెట్టు" అంది.