అప్రస్తుతం లేని అవధానం

"గురువుగారూ, మనిషి మెదడు మొత్తాన్ని కంప్యూటర్లో నడిపిస్తారట. ఇక నేను ఆదివారం సభలో కూర్చోవడం ఎందుకు?" అని హైమ అడిగింది.

ఆరేళ్ళు సాధన చేశాక అది ఆమె తొలి అష్టావధానం. ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే అన్నీ తలలో పట్టుకుని చివర పద్యాలు అప్పజెప్పాలి. అంతకు ముందురోజు అభ్యాసంలో నా ప్రశ్న దగ్గర తడబడి, అప్పటినుంచీ మానేస్తానంటోంది.

నా సంగతి చెప్పాలి. గైడ్లు చదివి సొంతంగా ఛందస్సు నేర్చుకున్నవాణ్ణి. నా పద్యాల్లో గణాలు ఇంతవరకూ ఒక్కసారీ కుదరలేదు. అలాంటివాడికి అవధానంలో దొరికే కుర్చీ ఒక్కటే: అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యంలో మునిగి ఉండగా "పెసరట్టులోకి అల్లం ఎందుకండీ?" అని అడిగి ధార చెడగొట్టాలి. దానికి పాండిత్యం అక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు.

మా గురువుగారు నరహరిశాస్త్రిగారు వాదించే మనిషి కారు. "ఏరా, హైదరాబాదు సంగతి చెప్పు" అన్నారు నాతో. చెప్పాను.

కంప్యూటర్లో మెదడు కడుతున్న ఒక కేంద్రంవారు గురువుగారిని పిలిచారు. అవధానం చేసేటప్పుడు ఆయన తలలో ఏం జరుగుతుందో కొలిచి, తమ మెదడుకు నేర్పుతారట. తీగల టోపీ పెట్టారు. మా ఎనిమిదిమందినీ కూర్చోబెట్టారు. నేను రెండుసార్లు నోరు విప్పానో లేదో, అక్కడి పెద్ద డాక్టర్ మకరంద్ నన్ను బయట కూర్చోమన్నాడు. "ఈయన వల్ల తెరమీద గీతలన్నీ చెదిరిపోతున్నాయి. మాకు ఏ గోలా లేని మెదడు కావాలి." మా ఇంట్లోవాళ్ళదీ నా గురించి అదే అభిప్రాయం కనక మారుమాట లేకుండా లేచాను.

గురువుగారు టోపీ తీసి బల్లమీద పెట్టారు. "ఈయన ఉంటేనే నేను ఉంటాను."

"మాకు కావలసింది మీ మెదడండీ, ఆయన నోరు కాదు."

"ఆ నోటికి జవాబు చెప్పేటప్పుడే అది మెదడు నాయనా. తక్కినప్పుడు పుస్తకాల బీరువా."

ఎంత బతిమాలినా మళ్ళీ టోపీ ముట్టుకోలేదు. సన్మానానికని వాళ్ళు తెచ్చిన శాలువా కూడా అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని బస్సెక్కారు.

హైమ గురువుగారి వైపు తిరిగింది. "అంటే కంప్యూటరు అవధానం చెయ్యలేదంటారా?"

"చేస్తే చెయ్యనీ. ముందు వరసలో కూర్చుని వింటాను" అన్నారు గురువుగారు. "ఆదివారం మాత్రం వీడు నీ ఎదుటే కూర్చుంటాడు. బయటికి పంపాలనిపిస్తే, ముందు నన్ను పంపు తల్లీ."