ముంగిస రాయించుకోబోయిన టోపీ

కరీబియన్ సముద్రంలో ఓ చిన్న దీవి. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో వానకే తెలియదు. అందుకే పోలమ్మ అనే పీత కొబ్బరాకులతో అల్లే వానటోపీలకి అంత గిరాకీ. మధ్యలో బొద్దుగా ఉబ్బి, పైన పలకలు పలకలుగా, వెనక చిన్న మొనతో ఉండేవి. పోలమ్మ పిల్లల కడుపులు నిండేది ఆ టోపీలతోనే.

అదే దీవిలో చక్రపాణి అనే ముంగిస ఉండేవాడు. చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టమని వాళ్ల తాతల్ని ఓడలో తెచ్చారు. ఎలుకలు పరిగెడతాయని, గుడ్లు పరిగెత్తవని కనిపెట్టిన వంశం అది. ఓ రోజు అతగాడు పోలమ్మ టోపీ ఒకటి చంకలో పెట్టుకుని ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"పోలమ్మా, ఇక టోపీలు అల్లడం మానెయ్."

"అదేంటి బాబూ?"

"ఈ రూపం నా పేర రిజిస్టర్ చేయిస్తున్నా. కొత్త రూపం ఎవరు రాయించుకుంటే అది వాళ్లే చెయ్యాలని చట్టం. నువ్వు చేస్తే నేరం."

"అల్లింది నేను గదా!"

"నీకు అల్లడం వచ్చు, నాకు ఆఫీసుకెళ్లడం వచ్చు."

పోలమ్మకి ఒళ్లు మండిపోయింది. కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. అవెప్పుడూ అలాగే ఉంటాయి కనక ముంగిస పట్టించుకోలేదు. అతని వెనకే ఆవిడా పక్కపక్కకి నడుచుకుంటూ ఆఫీసుకి బయల్దేరింది.

రిజిస్ట్రారు వరదాంబ అనే ముసలి తాబేలు. ముంగిస ముక్కు నేలకి తగిలేలా దణ్ణం పెట్టి, టోపీ బల్ల మీద పెట్టాడు.

"అమ్మగారూ, ఇది నా బుర్రలో పుట్టింది."

"కొత్తదేనా? ఇంతకుముందు ఎవరి కంటా పడిందైతే రాయను."

"తమరి మీద ఒట్టు!"

"బాబూ," అంది పోలమ్మ వినయంగా, "ఇలాంటి రూపం ఈ దీవిలో ఎక్కడా లేదంటారా?"

"దీవిలో ఏంటే, నేల మీదా లేదు, నీళ్లలోనూ లేదు!"

"అయితే అమ్మగారూ, తమరొక్కసారి అటు తిరగండి."

వరదాంబ తిరిగింది. ఆవిడ తిరగడానికి కాస్త సమయం పట్టింది. తిరిగాక ఆఫీసు బంట్రోతు గూడబాతు టోపీ వంక చూసింది, అమ్మగారి వీపు వంక చూసింది, నోట్లో దాచుకున్న చేపని నవ్వాపుకోలేక కక్కేసింది. అదే ఉబ్బు, అవే పలకలు, వెనక అదే మొన.

"ఎప్పుడూ ఎదురుగా నిలబడి దణ్ణాలు పెట్టేవాళ్లకి వెనకవైపు ఏం తెలుస్తుంది?" అంది పోలమ్మ. "నేను పక్కగా నడుస్తాను. తమరి వీపు మీద వాన నిలవకపోవడం చూసే ఈ టోపీ అల్లాను."

"చూశారా, పోలమ్మదీ కాపీయే! దీని అల్లకాన్నీ ఆపించండి!" అని అరిచాడు ముంగిస.

"నాదని నేనెప్పుడన్నాను? అమ్మగారి వీపు టోపీ అనే అమ్ముతున్నాను."

వరదాంబకి కోపం వచ్చింది. "నీ తాత ఓడ దిగకముందు నించీ మోస్తున్నానురా దీన్ని! నా వీపు నీ బుర్రలో పుట్టిందా? కొత్తది కాదు కనక ఎవరి పేరా రాయను. పోలమ్మ అల్లుకోవచ్చు, ఎవరైనా అల్లుకోవచ్చు. నడు బయటికి!"

బయట వాన దంచేస్తోంది. తెచ్చిన టోపీ అమ్మగారి బల్ల మీదే ఉండిపోయింది. లోపలికెళ్లి అడిగే మొహం లేక ముంగిస తడుస్తూ నిలబడ్డాడు.

"టోపీ కావాలా బాబూ?" అంది పోలమ్మ. "మీకూ అల్లడం నేర్పుతాను, కూర్చోండి."

నీతి: సంతకం కోసం వంగి దణ్ణం పెట్టేముందు, సంతకం పెట్టేవాళ్ల వీపు కూడా ఓసారి చూసుకోవాలి.