బుద్రి నిలబడిన చోటు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మనుషుల కంటే ముందు మంచు కాపురం పెట్టిన ఒక గూడెంలో, బుద్రి అనే ముసలామె ఉండేది. చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఉన్నదల్లా ఒక పాక, పాక వెనక పెరడు, సోన అనే కోడలు.

ఆ గూడేనికి ఆనపపాదే ప్రాణం. లేతకాయ కూరకి. ముదిరిన కాయ ఎండితే బుర్ర. ఊటనీళ్ళు ఆ బుర్రలోనే తేవాలి, అంబలి ఆ బుర్రలోనే పొలానికి పట్టుకెళ్ళాలి. పైగా తొలికాయ కొండతల్లికి ఎవరు పెడితే ఏడాదంతా వాళ్ళదే గొప్ప. అందుకని చలి కాస్త తగ్గితే చాలు, ఆడవాళ్ళు పోటీలుపడి గింజలు నాటేవాళ్ళు.

ఒక ఏడు అందరికంటే ముందు బుద్రే నాటింది. ఎండ కాసింది కదా అనుకుంది. పెద్దామె నాటిందని గూడెమంతా నాటింది. మొలకలు రెండాకులు వేశాయి. ఒక రోజు తెల్లవారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు గడ్డకట్టి ఉంది. ఎండెక్కేసరికి మొలకలన్నీ నల్లబడి వాలిపోయాయి. ఎవరి దగ్గరా విత్తనం మిగల్లేదు. పాత బుర్రలు ఒక్కొక్కటే పగిలిపోతుంటే జనం ఆకుదొప్పల్లో నీళ్ళు మోసుకున్నారు. బుద్రిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను తినేసింది.

మరుసటి చలికాలం బుద్రి తన పొయ్యి పైన ఎప్పుడో మరిచిపోయి వేలాడుతున్న మసిబుర్రను కదిపితే లోపల గింజలు గలగలమన్నాయి. గుప్పెడు. గూడెంలో మిగిలిన విత్తనమంతా అదే. ఇవి అందరివీ అంది బుద్రి, కానీ తాను చెప్పేదాకా ఎవరూ నాటకూడదంది. అప్పటినుంచి రోజూ తెల్లవారుతూనే పెరట్లోకి వెళ్ళి, తడినేల మీద వట్టికాళ్ళతో నిలబడేది. కాళ్ళు కొంకర్లు పోయేదాకా నిలబడి, నేలలో చలి ఇంకా ఉందేమో చూసేది.

ఎండ కాసింది. ఆడవాళ్ళు వచ్చి గింజలడిగారు.

"నేల ఇంకా కాలు పట్టుకుంతంది. ఆగండర్రా," అంది బుద్రి.

మళ్ళీ ఎండ కాసింది. మళ్ళీ వచ్చారు. ఈసారి మాటలు పెరిగాయి. తొలికాయ తానే పెట్టాలని దాచుకుంటోందని గుంపులో ఒకామె, జమిలి అనే ఆమె, మొహం మీదే అనేసింది. బుద్రి కళ్ళు తుడుచుకుంది.

"నేల ఇంకా కాలు పట్టుకుంతంది. ఆగండర్రా."

నాలుగు రోజులు తిరక్కుండానే మంచు పడింది. జమిలి తన దుప్పటి తెచ్చి ముసలామెకు కప్పి వెళ్ళింది.

అప్పటికే బుద్రికి దగ్గు పట్టుకుంది. మూడోసారి ఎండ కాసేనాటికి లేవలేకపోయింది. కోడలు బతిమాలింది.

"అత్తా, నీ కాళ్ళు సల్లబడిపోతన్నాయి. నే నిలబడి సెప్తాను, నువ్వు పడుకో."

"నా కాలికే తెలవాలే. ఆ గింజలు పోయింది నా వల్లే."

సోన, జమిలి కలిసి ఆమెను ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళారు. పాదాలు నేలకు ఆనించారు. బుద్రి చాలాసేపు కళ్ళు మూసుకుంది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు.

"వొదిలీసింది. నాటీండి."

ఆ పొద్దే నాటారు. మొలక రాకముందే బుద్రి కన్నుమూసింది. మొలకల మీద మంచు పడలేదు. గూడెమంతా పాదులు పాకాయి, పాకల కప్పులెక్కాయి. తొలికాయ ఎవరి పెరట్లో కాసిందో ఆ ఏడు ఎవరూ చెప్పుకోలేదు. దాన్ని కోసి బుద్రి నిలబడిన చోట పెట్టారు.

ఇప్పటికీ ఆ కొండల్లో గింజ నాటే ముందు ఇంటి పెద్దామె పెరట్లో వట్టికాళ్ళతో నిలబడుతుంది. "మామ్మా, వొదిలిందా?" అని బుద్రిని తలుచుకుని అడుగుతుంది. నేల కాలు పట్టుకుంటే గింజలు మళ్ళీ బుర్రలో పోసుకుని ఇంట్లోకి వెళ్ళిపోతుంది. వదిలితే నాటుతుంది. పెరడంతా నాటినా, రెండు పాదాలు పట్టేంత నేల మాత్రం ఖాళీగా ఉంచుతుంది. ఎందుకని పిల్లలు అడిగితే, మామ్మ నిలబడాలి కదా అంటుంది.