సారీ పుట్టిల్లు

మస్కట్‌లో శుక్రవారాల పూట తెలుగు ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెప్పే సౌదామినిగారికి ఒక అలవాటు ఉంది. ఏ మాటకైనా ముందు పుట్టిల్లు చెబుతారు, ఆ తర్వాతే అత్తిల్లు. ఆ రోజు మాట 'సారీ'. పుట్టినప్పుడు దాని అర్థం నొప్పితో ఉన్నానని. క్షమించమని అడగడం తరవాతెప్పుడో వచ్చి చేరింది. ఇప్పుడు లిఫ్టులో భుజం తగిలినా అదే, ఫోనులో మాట వినబడకపోయినా అదే.

పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. వకుళ మాత్రం కూర్చునే ఉంది. నిద్రలేని మొహం.

"టీచరుగారూ, అందులో నొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నిన్న మావాడు నాకు ఎదురు చెప్పాడు. సారీ చెప్పమన్నాను. చెప్పాడు. మనసులోంచి రాలేదనిపించి మళ్ళీ మళ్ళీ చెప్పించాను. ఇప్పుడు నాతో మాట్లాడటమే మానేశాడు. ఇక్కడ బుద్ధి చెప్పడానికి తాతా లేడు, మామ్మా లేదు. నేనూ వదిలేస్తే ఇంకెవరు నేర్పుతారు?"

సౌదామినిగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఒకప్పుడు కింది అంతస్తులో ఉండి వెళ్ళిన కనకరాజు సంగతి ఎత్తారు.

కనకరాజు కూతురు లాస్య ఏదో కోపంలో తమ్ముణ్ణి తోసింది. వాడి గడ్డం పగిలి కుట్లు పడ్డాయి. తమ్ముడికి సారీ చెప్పమన్నాడు తండ్రి. చెప్పింది. "అలా కాదు, సరిగ్గా చెప్పు." సరిగ్గానే చెప్పింది. అన్నం దగ్గరా, బడికి బయల్దేరేటప్పుడూ కూడా చెప్పించాడు. కొన్నాళ్ళకు ఆ పిల్ల అడక్కుండానే అనసాగింది. మంచినీళ్ళు తీసుకుంటూ సారీ, తలుపు వేస్తూ సారీ. తమ్ముడి మొహం వైపు మాత్రం చూసేది కాదు.

"బుద్ధి వచ్చిందనుకున్నాడా ఆయన?" అంది వకుళ.

"లేదమ్మా. అలిసిపోయాడు, నీలాగే."

ఒక మధ్యాహ్నం లాస్య నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేసుకుంటోంది. సోఫాలోంచి లేస్తున్న కనకరాజు కాలు ఆ పిల్ల వీపుకు తగిలింది. పెద్దవాళ్ళకో పుస్తకానికో తగిలినప్పుడు చేసినట్టే, వంగి వీపును తాకి, చేతిని కళ్ళకద్దుకున్నాడు. అలా చేసిన సంగతి అతనికే తెలియదు.

లాస్య తల తిప్పి చూసింది. "నీకేమైనా తగిలిందా నాన్నా?"

"నాకేం తగల్లేదు. నీకే..." అని కనకరాజు ఆగిపోయాడు.

కాసేపటికి ఆ పిల్ల లేచి, కార్టూన్లు చూస్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడి గడ్డం మీది మచ్చను వేలికొసతో తాకి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది.

"చక్కిలిగిలి పెట్టకే. అడ్డు జరుగు, టీవీ కనబడటం లేదు" అన్నాడు వాడు. జరిగి వాడి పక్కనే కూర్చుంది.

"అప్పుడైనా సారీ చెప్పిందా?" అని అడిగింది వకుళ.

"ఏమో" అన్నారు సౌదామినిగారు, కళ్ళజోడు పెట్టుకుంటూ. "కనకరాజు మళ్ళీ అడగలేదు."