పదిహేను డిగ్రీలు

దాక్షాయణిగారిని ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు రాదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతారు. ఏదో పాత ఫైలు గుర్తొచ్చిందన్నమాట. ఆవిడ ఒహాయో రాష్ట్రంలో ముప్పై ఏళ్లుగా వలస చట్టం చూస్తున్న లాయరు. తెనాలి యాస మాత్రం ఇంకా పోలేదు. పరదేశం నుంచి వచ్చిన ఉద్యోగిని శాశ్వతంగా ఉంచుకోవాలనుకునే యజమానులకు కార్మిక శాఖ నుంచి ధ్రువపత్రం తెప్పించడం ఆవిడ పని. "ఈ పని చేయగల స్థానికులెవరూ ముందుకు రాలేదు" అని ఆ శాఖ ఒప్పుకుంటే తప్ప గ్రీన్‌కార్డు దారిలో మొదటి అడుగు పడదు. ఆవిడ దగ్గర ఈ పని నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అక్కడ నేర్చుకున్నది చట్టమేనని చాలాకాలం అనుకున్నాను.

ఒక శనివారం ఉదయం, మాలో కొత్తగా చేరిన ప్రద్యుమ్న ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, నాకిదంతా నాటకంలా ఉంది. కుర్చీలో మనిషి ఉండనే ఉంటాడు. అతన్నే ఉంచుకోవాలని యజమాని తాపత్రయం. అయినా రెండు ఆదివారాలు పేపర్లో 'మనిషి కావలెను' అని వేయిస్తాం. ఎవరూ రాకూడదని దణ్ణం పెట్టుకుంటాం. ఇందులో నిజాయితీగా ఉండటమంటే ఏమిటండీ?"

ఆవిడ కళ్లద్దాలు తీశారు.

ఒక చిన్న ఊళ్లో పళ్లకు తొడిగే పింగాణీ క్యాపులు తయారుచేసే ల్యాబు ఉండేదట. యజమాని వీవర్ అనే పెద్దాయన. అందులో భుజంగరావని మన కాకినాడ మనిషి పనిచేసేవాడు. దంతవైద్యం చదివి, పళ్లు పీకడం కంటే పళ్లు చేయడమే బాగుందని ఆ పనిలోకి వచ్చినవాడు. పక్కపంటి రంగు చూసి, దానికి జోడు కుదిరేలా పింగాణీని పొర మీద పొర వేసి కాల్చడంలో అతనికి సాటి లేరని వీవర్ నమ్మకం. అద్దంలో చూసుకున్నవాళ్లకు తమ పన్నేదో, భుజంగరావు చేసిన పన్నేదో తెలిసేది కాదట.

అతని వీసా గడువు ఆరేళ్లు. ఐదో ఏడు ముగిసేలోగా కార్మిక శాఖకు దరఖాస్తు పడితేనే ఆరేళ్ల తర్వాత కూడా ఉండనిస్తారు. అప్పటికి ఐదో ఏడు ముగియడానికి మిగిలింది ఆరు వారాలు. పడకపోతే భార్యనూ, రెండో తరగతి చదివే కూతుర్నీ వెంటబెట్టుకుని ఏడాది తిరిగేసరికి వెళ్లిపోవలసిందే. దాక్షాయణిగారు అయిదు నెలలు కష్టపడి కాగితాలన్నీ సిద్ధం చేశారు. ప్రకటన వేయించారు. మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. రెండో ఆదివారం తర్వాత ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది.

రూత్ కోవాచ్. వయసు యాభై రెండు. ఇరవై ఏళ్లు ఇదే పని చేసింది. ఆమె పనిచేసిన ల్యాబు మూతపడి ఎనిమిది నెలలైంది. ఉండేది నలభై మైళ్ల అవతల. కాగితం మీద వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

వీవర్ దాక్షాయణిగారికి ఫోన్ చేశాడు. ఆమెను పిలిచి ఒక ముందుపన్ను చేయించి చూస్తానన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వెనక బల్ల ఇస్తాను. పాత కుంచెలు ఇస్తాను. మనం అబద్ధమాడక్కర్లేదు, ఆ పన్నే చెబుతుంది" అన్నాడట.

"నేను విని ఊరుకున్నానయ్యా" అన్నారు దాక్షాయణిగారు. ఆ మాట చెప్పేటప్పుడు మా ముఖాలవంక చూడలేదు.

తన కుర్చీ కోసం వచ్చేవాళ్ల ఎంపికలో ఆ పరదేశి ఉద్యోగి వేలుపెట్టకూడదని నియమం. అందుకని ఆ రోజుకు భుజంగరావును సెలవు పెట్టుకోమన్నారు. ముందురోజు సాయంత్రం అయిదున్నరకు కోటు తొడుక్కుని బయల్దేరుతూ, వెనక బల్ల మీద అరిగిపోయిన కుంచెలు పేర్చి ఉండటం అతను చూశాడు. చూసీ చూడనట్టు వెళ్లిపోతే పోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. నేనైతే వెళ్లిపోయేవాణ్ణి, ఇప్పుడు బుకాయించి లాభమేముంది.

అతను కోటు విప్పాడు. కిటికీ పక్కనున్న తన బల్లను తుడిచాడు. తను ఏరి కొనుక్కున్న మంచి కుంచెలు కడిగి వరసగా పెట్టాడు. పింగాణీ పొడుల సీసాల పేర్లు కుర్చీవైపు తిప్పాడు. తర్వాత ఒక చీటీ రాసి, పింగాణీ కాల్చే ఫర్నేస్ తలుపుకు అంటించాడు.

"ఈ ఫర్నేస్ మీటరు చూపించేదానికంటే పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. తగ్గించి పెట్టండి. వెనక బల్ల దగ్గర వెలుతురు పచ్చగా పడుతుంది, రంగు తేడాగా కనిపిస్తుంది. కిటికీ దగ్గర కూర్చోండి."

ఆ ఫర్నేస్ సంగతి వీవర్‌కు కూడా తెలియదు. రెండేళ్లుగా దాన్ని ముట్టుకున్నది భుజంగరావు ఒక్కడే. ఆ డిగ్రీలు తగ్గించి పెట్టడం అతని చేతికి అలవాటైపోయింది. కొత్తవాళ్లు మీటరును నమ్మి కాలిస్తే అంచులు కరిగి పన్ను గాజుముక్కలా తయారవుతుంది. అంటే వీవర్ పాత కుంచెలు పెట్టకపోయినా, భుజంగరావు నోరు విప్పకుండా ఇంటికి పోయి ఉంటే చాలు, ఆమె ఓడిపోయేది.

మర్నాడు రూత్ వచ్చి చీటీ చదివింది. కిటికీ దగ్గర కూర్చుంది. మధ్యాహ్నానికి పన్ను చేసి ఇచ్చింది. వీవర్ దాన్ని చాలాసేపు చేతిలో తిప్పి చూశాడట. ఎంత స్వార్థం ఉన్నా ఆయనా నలభై ఏళ్లు ఆ పని చేసినవాడే. బాగున్నదాన్ని బాగాలేదనడానికి నోరు రాలేదు. కారేసుకుని దాక్షాయణిగారి ఆఫీసుకొచ్చి, పన్నూ చీటీ రెండూ బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అన్నాడు.

చేయడానికేముంది. పని వచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే దరఖాస్తు వేయకూడదు. ఉద్యోగం రూత్‌కు ఇచ్చారు. ఫైలు మూసేశారు.

దాక్షాయణిగారికి ఒళ్లు మండిపోయింది. అయిదు నెలల చాకిరీ. భుజంగరావును పిలిపించి, "ఏమయ్యా, నీకేమైనా పిచ్చా? ఎవరు రాయమన్నారు నిన్ను?" అని కేకలేశారు.

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనిషి భయపడి ఉన్నాడు. అప్పటికే ఇంట్లో భార్య వారంరోజులుగా మాట్లాడటం లేదట. కూతురికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదట. అయినా మాట తడబడకుండా చెప్పాడు.

"ఆమెకు పని రాక నేనుంటే సరే మేడమ్. ఫర్నేస్ బాగోలేక నేనుండటమేంటండీ?"

వీసా ఇంకా ఉంది కాబట్టి మిగిలిన ఏడాదీ అతను రూత్ పక్కనే కూర్చుని పనిచేశాడు. వీవర్ ఫర్నేస్ బాగుచేయించాడు. గడువు ముగిసిన వారంలోనే సామాను సర్దుకుని ముగ్గురూ కాకినాడ వెళ్లిపోయారు. ఆ తర్వాత అతనికి అక్కడ పెద్ద పేరొచ్చిందనో, వీవర్ మళ్లీ పిలిపించుకున్నాడనో దాక్షాయణిగారు చెప్పలేదు. అలాంటిదేమీ జరగలేదు కాబోలు. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే లేచి నిలబడేవాణ్ణి. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు అలాగే అనిపిస్తోంది.

దాక్షాయణిగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. ప్రద్యుమ్న చట్టం శ్రద్ధగా చదివినవాడు. అతనికి ఒకచోట ముల్లు గుచ్చుకుంది.

"కానీ మేడమ్, అతను ఎంపికలో జోక్యం చేసుకున్నట్టే కదండీ? నియమం ఒప్పుకోదు."

"ఒప్పుకోదు" అన్నారావిడ. "తనకు నష్టం వచ్చేలా జోక్యం చేసుకునేవాడూ ఒకడుంటాడని, ఆ నియమం రాసినవాళ్లకు తోచలేదయ్యా."