నాంచారవ్వకు దొరికిన విశ్రాంతి

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న చోటికి సీతాఫలం అట్టపెట్టెలో వస్తుంది, దాన్ని మగ్గబెట్టే అవ్వ మాత్రం రాదు. కథ మొదలుపెట్టే ముందు ఒక మాట. వింటూ పండు తింటున్నారేమో, గింజలు కొరకకండి, ఉమ్మేయండి. ఆ చేతులతో కళ్ళు నులుముకోకండి. సరే, ఇక వినండి.

ఒక రాళ్ళగుట్ట మీద కొండముచ్చుల కుటుంబం ఒకటి ఉండేది. వానలు వెనకబట్టి, ఎండ ఇంకా ముదరని శరత్కాలం అది. గుట్ట అంచున తంగేడు పచ్చగా పూసింది, గునుగు తెల్లగా తలెత్తింది, పైన సీతాఫలం చెట్లు కాయల బరువుకు వంగి ఉన్నాయి. కుటుంబానికి పెద్ద నాంచారవ్వ. ఏడాదంతా మోకాళ్ళ నొప్పులని మూలిగే ఆ ముసలి కొండముచ్చు, సీతాఫలాలు రాగానే ఆ మూలుగు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది.

పొద్దున లేస్తూనే ఆమె చెట్లన్నీ తిరిగేది. కాయ మీది గళ్ళ మధ్య చారలు తెల్లబడితే కళ్ళు తెరిచిందని అర్థం. అలాంటి కాయలనే కోయించి, ఎండుగడ్డిలో పొరలు పొరలుగా పేర్చి మగ్గబెట్టేది. తర్వాత ఎండలో ఒక రాయి మీద కూర్చునేది. మనవలూ మనవరాళ్ళూ చుట్టూ చేరేవాళ్ళు. ఒకరి తలలో పేలు చూస్తూ, ఇంకొకరి తగువు తీరుస్తూ, గడ్డిలో చెయ్యి పెట్టి ఒక్కో పండునూ బొటనవేలితో నొక్కి చూసేది. మెత్తబడిన పండును రెండుగా విప్పి పిల్లల నోట్లో పెట్టేది. ఎవరు గింజ దూరంగా ఉమ్మితే వాళ్ళు ఆ పూటకు గెలిచినట్టు. తీర్పు చెప్పేది నాంచారవ్వే. రోజుకొకరు గెలిచేలా చూసేది కాబట్టి ఆమె తీర్పు మీద ఎవరికీ నమ్మకం లేదు, అయినా అందరూ ఆమెనే అడిగేవాళ్ళు.

గుట్ట కింద గుహలో భూషయ్య అనే నక్క ఉండేవాడు. ఆయనకూ సీతాఫలమంటే ప్రాణం. చెట్టెక్కడం మాత్రం రాదు. రాలిన పండు దొరికినా అందులో అప్పటికే పురుగు కాపురం పెట్టి ఉండేది. ఆకలితో, ఆలోచనతో చిక్కిపోయి, చివరికి ఆయన నాంచారవ్వ పెద్దకూతురు పోలమ్మ దగ్గరికి వెళ్ళాడు.

పోలమ్మది జాగ్రత్త మనస్తత్వం. పిల్ల తుమ్మితే మబ్బు వైపు చూసే రకం. భూషయ్య ఆమె పక్కన కూర్చుని ముందు వాళ్ళమ్మ ఆరోగ్యం అడిగాడు. తర్వాత పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"నాకేం, బయటివాణ్ణి. కానీ చూస్తూ ఊరుకోలేక చెబుతున్నా కోడలా. మంచు పడుతోంది. ఆ తడి గడ్డిలో ఈ వయసులో మా అక్క చేతులు పెట్టి దేవులాడుతోంది. ఆమెకేమైనా అయితే లోకం ఏమంటుంది? ఇంతమంది కూతుళ్ళుండి ముసలిదానితో చాకిరి చేయించారంటుంది."

పోలమ్మ ఆయన వైపు జరిగింది. మరి ఏం చెయ్యమంటావు మామా అని అడిగింది. తన గుహ పొడిగా, వెచ్చగా ఉంటుందని, కాయలు అక్కడికి చేరిస్తే తానే మగ్గబెట్టి పంచుతానని, అక్క హాయిగా కూర్చుంటుందని భూషయ్య చెప్పాడు. తనకేమీ వద్దన్నాడు. ఆ ఒక్క మాటకే అనుమానించాల్సింది. పోలమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

కాయలన్నీ గుహకు చేరాయి, నాంచారవ్వకు ఆ రోజే విశ్రాంతి మొదలైంది. ఎండ బాగా తగిలే బల్లపరుపు రాయి చూసి, మెత్తటి ఆకులు పరిచి, కూతుళ్ళు ఆమెను కూర్చోబెట్టారు. లేవబోతే కూర్చో అన్నారు. కూర్చుంటే పడుకో అన్నారు. నిజం చెప్పాలంటే మొదటి రోజు ఆమెకు బాగానే ఉంది. కమ్మగా నిద్రపోయింది కూడా. మరునాడు నిద్ర రాలేదు. ఆ తర్వాతి రోజు చెయ్యి ఊరుకోక, పక్కనున్న రాళ్ళనే బొటనవేలితో నొక్కి చూస్తూ కూర్చుంది.

పిల్లలు రావడం లేదు. పండు ఎక్కడుంటే పిల్లలు అక్కడే ఉంటారు. వాళ్ళంతా పొద్దున్నుంచీ నక్క గుహ ముందు పడిగాపులు కాస్తున్నారు. అవి ఇంకా మగ్గలేదు నాయనా, రేపు రండి అని భూషయ్య తియ్యగా పంపేస్తున్నాడు. ఎప్పుడైనా నల్లబడిన పండొకటి బయటికి విసిరితే అందరూ కలిసి నాకుతున్నారు.

ఒక సాయంత్రం భూషయ్య పరామర్శకు వచ్చాడు. పొట్ట ఆయన కంటే ముందు వచ్చింది. మీసానికి తెల్లటి గుజ్జు అంటుకుని ఉంది. కులాసానా అక్కా అని నోరు తెరిచేసరికి మగ్గిన సీతాఫలం వాసన గుప్పుమంది.

నాంచారవ్వకు అంతా అర్థమైంది. కులాసాయే తమ్ముడూ అని పంపేసింది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆలోచించింది. నక్క దొంగ అని చెబితే నక్క పోతాడు. విశ్రాంతి మాత్రం పోదు. పోలమ్మ ఏ కుందేలునో, ముంగిసనో పిలిచి ఆ పని అప్పజెబుతుంది, తనను మళ్ళీ ఇదే రాయి మీద కూర్చోబెడుతుంది. ఏడిస్తే ఇంకో పొర ఆకులు పరుస్తుంది. ఆమెకు కావలసింది పండ్లు కాదు. తన పొద్దుటిపూటలు తనకు కావాలి.

మర్నాడు ఆమె అందరినీ రాయి దగ్గరికి పిలిపించింది. భూషయ్యను కూడా రమ్మంది. నడుం పట్టుకుని, ఇంతకుముందు ఎన్నడూ మూలగనంత గట్టిగా మూలిగింది.

"పోలీ, నువ్వన్నదే నిజం. నా ఒళ్ళు అలిసిపోయింది. తమ్ముడు నా బరువు సగం దించాడు. ఆ మిగతా సగం కూడా ఆయనే తీసుకుంటే నాకు దిగులుండదు."

మిగతా సగం అంటే ఇంకా ఎక్కడో దాచిన కాయలనుకున్నాడు భూషయ్య. నీ పని ఏదైనా నా పనే అక్కా, అడగాలా అన్నాడు, అందరూ వినేలా.

"చల్లగా ఉండు తమ్ముడూ. మా ఇంట్లో పండు మగ్గబెట్టిన చెయ్యే పిల్లలను కూడా చూస్తుంది. తలలో పేలు చూడాలి, తగువులు తీర్చాలి, గింజల పందెంలో తీర్పు చెప్పాలి. పోలీ, పిల్లలందరినీ మీ మామ గుహలో దింపిరా. పొద్దు గూకేదాకా అక్కడే ఉంటారు."

భూషయ్య రెండడుగులు వెనక్కి వేశాడు, కానీ ఎలా తప్పుకుంటాడు? అందరి ముందూ ఒప్పుకున్న మాట కదా. అప్పటికే పిల్లలు తాతా తాతా అంటూ ఆయన వీపెక్కారు.

గుహలోకి వెళ్ళాక జరిగింది చూడాలి. అవ్వ మా పేలు చూస్తుంది, మేం అవ్వ పేలు చూస్తాం, అదీ పద్ధతి అని చెప్పి, కొందరు భూషయ్యను పడుకోబెట్టి బొచ్చు పాయలు తీయడం మొదలుపెట్టారు. ఒకడు పిడుదును పట్టి, నాకు దొరికింది అని గుట్టంతా వినేలా చాటాడు. తోక ఎవరి వంతు అన్న దగ్గర తగువు వచ్చింది. తీర్పు చెప్పు తాతా అన్నారు. చెబితే ఓడినవాళ్ళు ఏడ్చారు. మార్చి చెబితే గెలిచినవాళ్ళు కరిచారు.

ఈలోగా సుక్కి అనే చిన్న మనవరాలు గడ్డిలో చెయ్యి పెట్టింది. అవి ఇంకా కాయలే తల్లీ, ముట్టుకోకు అని కింద నుంచే అరిచాడు భూషయ్య.

"కాయ కాదు తాతా. వేలు లోపలికి పోతోంది."

అవ్వ ఒళ్ళో పెరిగిన పిల్లలు కదా, పండు నొక్కి చూడడం వాళ్ళకెవరూ నేర్పక్కర్లేదు. అందరూ గడ్డి మీద పడ్డారు. పొర తీస్తే పండు, ఆ కింద ఇంకో పండు. అన్నీ మెత్తగా, మీగడలా ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడిన పోలమ్మ లోపలికి వచ్చి చూసింది. గుహ మూలన తొక్కలూ గింజలూ గుట్టగా పడి ఉన్నాయి.

"ఇవెవరు తిన్నారు మామా?"

"ఎలుకలు కోడలా. ఈ గుట్ట మీద ఎలుకలకు అదుపు లేదు."

"ఎలుకలకు నీ మీసాలెలా వచ్చాయి?" అంది పోలమ్మ, గుజ్జు అంటిన మీసాల వైపు చూస్తూ.

అప్పుడే ఇద్దరు పిల్లలు తోకను చెరోవైపు లాగారు. భూషయ్య ఎలాగో విదిలించుకుని బయటపడి, నాంచారవ్వ రాయి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీకు దండం పెడతా. నీ పండ్లు, నీ గడ్డి, నీ పిల్లలు, అన్నీ తీసుకుపో."

"అయ్యో తమ్ముడూ, పొద్దింకా ఎక్కనే లేదు. అప్పుడే అలిసిపోయావా? పోలీ, మామ కోసం కాసిని ఆకులు పరుచు. కదలకుండా కూర్చుంటాడు."

వెనకాల పిల్లల గోల దగ్గరపడుతోంది. భూషయ్య కూర్చోలేదు. ముళ్ళకంప అని కూడా చూడకుండా అందులోంచే దూకి, గుట్ట దిగి, అవతలి వేరుశెనగ చేల వైపు పోయాడు. కొండముచ్చు పిల్ల గొంతు వినిపిస్తే ఆయన ఇప్పటికీ దారి మార్చుకుంటాడట.

పోలమ్మ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. నీకు కష్టమవుతుందనే కదమ్మా నేనిదంతా చేశాను అంది.

"కష్టమేనే. మోకాళ్ళు నొప్పే, నడుమూ నొప్పే. పిల్లల మధ్య ఉంటే ఆ నొప్పిని పట్టించుకునే తీరిక ఉండదు. ఒక్కదాన్నే కూర్చోబెట్టావనుకో, ఇక దాన్ని చూసుకోవడమే నాకు పని."

పోలమ్మ జాగ్రత్త పోలమ్మదే, అది ఎక్కడికి పోతుంది? గడ్డి ఎండలో ఆరనిచ్చాకే అమ్మ చెయ్యి పెట్టాలంది. మంచు కరిగాకే చెట్ల దగ్గరికి వెళ్ళాలంది. నాంచారవ్వ రెండింటికీ సరేనంది. ఆ మాటల్లోనే పిల్లలు గుహలోని పండ్లన్నీ మోసుకొచ్చి ఆమె ముందు పోశారు, పోసీ పోయకముందే ఎవరు ఎక్కువ మోశారని కొట్టుకున్నారు. నాంచారవ్వ లేచి, ఆకులన్నీ పక్కకు తోసేసి, ఇద్దరి చెవులు పట్టుకుని తీర్పు చెప్పడానికి కూర్చుంది.

నీతి: పెద్దవాళ్ళ బరువు దించాలనుకుంటే, అది బరువో సంబరమో ముందు వాళ్ళనే అడగాలి.

పిల్లలూ, ఈ కథను మీ దగ్గరే ఆపేయకండి. మీకంటే చిన్నవాళ్ళు ఎవరు దొరికినా చెప్పండి, పేర్లు మరిచిపోతే మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి, తెలుగు మాట తట్టకపోతే చేతులతో చూపించండి. కథ మాత్రం ముందుకు వెళ్ళాలి.