మడుగు దేశానికి ముందు ఏ యంత్రం?

మడుగు దేశంలో ఉండేవన్నీ గేదెలే. వాటికి డాక్టరు కొంగ. ఆ డాక్టరమ్మ కాపురం వాటి వీపుల మీదే. అయినా నిరుడు తొలకరికి గురకరోగం వచ్చి ఏడు దూడలు పోయాయి. టీకా లేక కాదు. బురద పూసుకున్న దూడలన్నీ ఒక్కలాగే ఉంటే పాపం కొంగేం చేస్తుంది? కొన్నిటికి రెండుసార్లు పొడిచి, కొన్నిటిని వదిలేసింది. వదిలేసినవాటిలో బొల్లి గేదె పెద్దదూడ కూడా ఉంది. బొల్లి ఆ దుఃఖం మరిచిపోలేదు.

ఈ ఏడు మబ్బు పట్టకముందే నక్క వైద్యయంత్రాలు మోసుకొచ్చింది. దూరాన ఉన్న డాక్టరు కనబడి మాట్లాడే తెర ఒకటి. ముట్టె మీది గీతలు చూసి, ఎవరు ఎవరో పోల్చి, ఎవరికి టీకా పడిందో చెప్పే పెట్టె ఒకటి.

"రెంటిలో ఒకటి మీది. బదులుగా ఈ ఏడాది మడుగులో పీతలన్నీ నావి. నా మాట విని తెర తీసుకో బొల్లక్కా! కొండదేశపు మేకలు ముందు కొన్నది ఇదే" అంది. అమ్ముడుపోని తెరలు దాని బొరియ నిండా ఉన్నాయిలెండి.

మేకలు కొన్నాయనగానే గేదెలన్నీ తలలూపాయి. గొర్రెదాటు గొర్రెలకే సొంతమని ఎవరన్నారో!

బొల్లి మాత్రం నెమరు ఆపింది. "మేకలు తెరే ఎందుకడిగాయి తమ్ముడూ?"

"వాటి డాక్టరుండేది అవతలి కొండ మీద. లోయ దిగి ఎక్కేలోపు ప్రాణం పోతుంది."

"మరి ఇసుకదేశపు ఒంటెలో?"

"దుమ్ముకు వాటికి ఉబ్బసం. గాలిదుమారాన్ని ముందే చెప్పే గంట కొన్నాయి."

"మరి మీ నక్కలో?"

సొంత గొప్ప చెప్పుకోమంటే నక్కకు ఒళ్ళు తెలియదు. "మేమా! మాకు పిచ్చికుక్క కాటు భయం. అందుకే ఎవరికి టీకా పడిందో చెప్పే పెట్టెనే ముందు తెచ్చుకున్నాం" అని, వెంటనే నాలిక కరుచుకుంది.

"ఎవరి బాధను బట్టి వాళ్ళు కొన్నారన్నమాట" అంది బొల్లి. "మా డాక్టరు నా వీపు మీదే ఉంటే తెరలో ఎవర్ని చూడను? నాకు మిగిలింది ఒక్క దూడ. దానికి టీకా పడిందో లేదో నాకు తెలియాలి. ఆ పెట్టె దించు."

"అక్కా, పెట్టె బేరం వేరు..."

"రెంటిలో ఒకటి మీదన్నావు. ఇంతమందిమి విన్నాం."

గేదెలన్నీ ఒక్కసారి కొమ్ములు వంచాయి. నక్క పెట్టె దించి, తెర నెత్తిన పెట్టుకుని నడిచింది.

తొలకరి పడింది. ఆ ఏడు మడుగులో ఒక్క దూడ కూడా పోలేదు. బొల్లి దూడ సరదాకి రెండోసారి టీకా వరుసలో నిలబడితే, పెట్టె దాని ముట్టె చూసి "నీకు పడిందిలే, పో" అంది.

పొరుగింటి పుల్లకూర రుచే కావచ్చు, మందు మాత్రం మన రోగాన్ని అడిగే తెచ్చుకోవాలి.